బయాప్సీ రిపోర్ట్‌లో 'ఇంటెస్టైనల్ మెటాప్లేసియా' అని ఉంటే క్యాన్సర్ వచ్చినట్టేనా? పొట్ట ముక్క చెప్పే గుర్తులు

ఈరోజు ఎపిసోడ్ కొంచెం పెద్దది, కానీ చివరిదాకా ఉండండి. ఎందుకంటే మీ ఇంట్లో అమ్మకో నాన్నకో ఎండోస్కోపీ చేశాక ఆ పీడీఎఫ్ ముందు వచ్చేది మీ ఫోన్‌కే. దాన్ని ఓపెన్ చేసి, అర్థం కాక, గూగుల్ చేసి, భయపడేది కూడా మీరే.

నాకు మొన్న అదే జరిగింది. రాత్రి పదకొండున్నరకి మా బాబాయి కొడుకు వాట్సాప్‌లో ఒక రిపోర్ట్ పంపాడు. కింద ఒకటే లైన్. "అన్నయ్యా, నాన్నకి క్యాన్సరా?"

రిపోర్ట్‌లో ఉన్న ముక్క ఇది: క్రానిక్ గ్యాస్ట్రైటిస్, ఇంటెస్టైనల్ మెటాప్లేసియా ఉంది, డిస్ప్లేసియా లేదు. వాడు మొదటి రెండు మాటలూ గూగుల్‌లో కొట్టాడు. "ప్రీ క్యాన్సర్" అని వచ్చింది. మూడో మాట, అంటే "డిస్ప్లేసియా లేదు" అన్నది, వాడి కంటికి ఆనలేదు. ఇంట్లో అప్పటికే ఏడుపులు మొదలయ్యాయంట. పిన్ని అన్నం తినలేదు. బాబాయి మాత్రం "గ్యాస్ బిళ్ళ వేసుకుంటే తగ్గిపోద్ది" అని పడుకున్నాడు.

కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం చెప్తున్నా, నేను పాథాలజిస్ట్‌ని. డాక్టర్నే, కానీ పేషెంట్‌కి కనిపించని డాక్టర్‌ని. ఎండోస్కోపీలో తీసిన ముక్క మా దగ్గరకి వస్తుంది. దాన్ని మైక్రోస్కోప్ కింద చూసి, పేరు పెట్టేది మేము. ఆ పేరు ఎవరికి ఎంత భయం పెట్టాలి, ఎవరికి ఎంత ధైర్యం ఇవ్వాలి అన్నదే ఈరోజు టాపిక్.

ఓకే, అసలు విషయంలోకి వెళ్దాం.

పొట్ట లోపలి పొర రోజూ యాసిడ్‌లో పనిచేస్తుంది. ఆ యాసిడ్‌లో కూడా బతకగలిగే ఒక బ్యాక్టీరియా ఉంది. పేరు హెలికోబ్యాక్టర్ పైలోరి. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు దీన్ని పట్టుకున్నారు. అప్పట్లో చాలామంది నమ్మలేదు. "యాసిడ్‌లో బ్యాక్టీరియా ఎలా బతుకుద్ది?" అన్నారు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాని తనే తాగేశాడు. కొన్ని రోజుల్లోనే పొట్టలో వాపు వచ్చింది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మధ్యలో 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన ఏజెన్సీ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే కారకాల మొదటి గ్రూపులో పెట్టింది.

ఇక్కడే కంగారు పడకండి. మన దేశంలో ఈ బ్యాక్టీరియా చాలా మామూలు. చిన్నప్పుడే పొట్టలోకి వచ్చేసి, అక్కడే కాపురం పెట్టేస్తుంది. దాదాపు అందరికీ ఏదో ఒక స్థాయిలో వాపు ఉంటుంది. క్యాన్సర్ దాకా వెళ్ళేది మాత్రం చాలా కొద్దిమంది.

మరి ఆ కొద్దిమంది ఎవరు? ఈ ప్రశ్నని జీవితమంతా పట్టుకు తిరిగిన మనిషి పెలాయో కొర్రెయా. కొలంబియా దేశం పాథాలజిస్ట్. ఆయన 1975లో ఒక మెట్ల వరుస చెప్పాడు. మొదటి మెట్టు, మామూలు పొర. రెండు, ఏళ్ళ తరబడి వాపు. మూడు, అట్రోఫీ, అంటే పొట్టలో గ్రంథులు అరిగిపోయి పలచబడటం. నాలుగు, ఇంటెస్టైనల్ మెటాప్లేసియా, అంటే పొట్ట కణాలు వేషం మార్చి పేగు కణాల్లా తయారవడం. ఐదు, డిస్ప్లేసియా, అంటే కణాల రూపం, వరస చెడిపోవడం. ఆరోది క్యాన్సర్.

ఈ ఆరు మెట్లు ఎక్కడానికి దశాబ్దాలు పడుతుంది. చాలామంది మూడు నాలుగు మెట్ల దగ్గరే జీవితాంతం ఆగిపోతారు. ఇంకో విషయం, పొట్ట క్యాన్సర్లన్నీ ఈ మెట్ల మీదుగా రావు. డిఫ్యూజ్ అనే రకం దారి వేరు. ఈరోజు మనం మాట్లాడుకునేది మెట్ల దారి గురించే.

కొలంబియాలో ఒక విచిత్రం ఉంది. నారిన్యో అనే ఒకే ప్రాంతంలో, సముద్రం పక్కన ఉన్న తుమాకో వాళ్ళకీ, ఆండీస్ కొండల మీద ఉన్న తూకెరెస్ వాళ్ళకీ, ఇద్దరికీ ఈ బ్యాక్టీరియా దాదాపు ఒకేలా ఉంటుంది. కానీ కొండల మీద పొట్ట క్యాన్సర్ సుమారు 25 రెట్లు ఎక్కువ. బ్యాక్టీరియా జాతి, మనిషి వంశం, తిండి, ఇవన్నీ కలిసి ఆడే ఆట ఇది. అంటే బ్యాక్టీరియా ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో భవిష్యత్తు చెప్పలేం. మన దగ్గరా అంతే. దేశం మొత్తంగా బ్యాక్టీరియా ఎక్కువ, పొట్ట క్యాన్సర్ తక్కువ. కానీ మిజోరం రాష్ట్రానికి వెళ్తే లెక్క మారిపోతుంది. దేశంలో పొట్ట క్యాన్సర్ బాగా ఎక్కువ ఉన్న చోట్లలో అదొకటి.

సరే, బాబాయి ఉన్నది నాలుగో మెట్టు మీద. ఇప్పుడు నంబర్లు చూద్దాం. నెదర్లాండ్స్‌లో ఇలాంటి రిపోర్టులు ఉన్న 92 వేల మందికి పైగా జనాన్ని గమనించి, 2008లో లెక్క బయటపెట్టారు. ఏడాదికి క్యాన్సర్ వచ్చిన వాళ్ళు, అట్రోఫీలో 0.1 శాతం, ఇంటెస్టైనల్ మెటాప్లేసియాలో 0.25 శాతం, తక్కువ నుంచి మధ్యస్థ డిస్ప్లేసియాలో 0.6 శాతం, తీవ్రమైన డిస్ప్లేసియాలో 6 శాతం.

0.25 శాతం అంటే? వెయ్యి మంది బాబాయిల్ని నిలబెడితే, ఏడాదిలో ఇద్దరు ముగ్గురికి వస్తుంది. 997 మందికి రాదు. ఇది నేను ఆ రాత్రి మా వాడికి ఫోన్ చేసి చెప్పిన మొదటి మాట. "క్యాన్సర్ కాదు రా. అమ్మని అన్నం తినమను."

కానీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తా.

ఏడేళ్ళ క్రితం నా ఫ్రెండ్ ఒకడు వాళ్ళమ్మ రిపోర్ట్ చూపించాడు. ఇదే మాట. నేను చూసి "ఏం కాదురా, చాలామందికి ఉంటుంది" అన్నా. అది అబద్ధం కాదు, నంబర్ల ప్రకారం నిజమే. కానీ నేను ఇంకేమీ అడగలేదు. ఎన్ని ముక్కలు తీశారు, ఎక్కడ్నుంచి తీశారు, బ్యాక్టీరియాకి మందు వాడారా, ఇంట్లో ఎవరికైనా పొట్ట క్యాన్సర్ వచ్చిందా, మళ్ళీ ఎప్పుడు చూడాలి, ఒక్కటీ అడగలేదు. నాలుగేళ్ళ తర్వాత ఆమెకి పొట్ట క్యాన్సర్ అని తేలింది. అప్పటికే ముదిరిపోయింది. వాళ్ళ నాన్న, అంటే నా ఫ్రెండ్ తాతయ్య, పొట్ట క్యాన్సర్‌తోనే పోయారని అప్పుడు తెలిసింది. మధ్యలో ఇంకో ఎండోస్కోపీ చేసుంటే ముందే దొరికేదని గ్యారంటీగా చెప్పలేను. కానీ ఆ అవకాశం నా ఒక్క మాటతో పోయింది. వాడు నన్ను ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

అందుకే వెయ్యి మందిలో ఆ ఇద్దరు ముగ్గురు ఎవరు అన్న ప్రశ్న నాకు చాలా ముఖ్యం. ముక్కని చూసి వాళ్ళని ముందే గుర్తుపట్టగలమా? ఆ గుర్తుల్నే మేము టిష్యూ మార్కర్స్ అంటాం. ఒక్కొక్కటి చూద్దాం.

మొదటి గుర్తుకి ఖరీదైన టెస్ట్ ఏమీ అక్కర్లేదు. మార్పు ఎంత మేర ఉంది, అంతే. పొట్ట కింది భాగంలో మాత్రమే ఉందా, పై భాగానికి కూడా పాకిందా? దీనికి ఓల్గా, ఓల్గిమ్ అని రెండు స్టేజింగ్ పద్ధతులున్నాయి. సున్నా నుంచి నాలుగు దాకా ఇస్తాం. మూడు, నాలుగు అంటే జాగ్రత్త పడాల్సిన గ్రూప్.

కానీ దీనికి ఒక షరతు ఉంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు అంటాం కదా? పొట్ట విషయంలో ఆ లెక్క చెల్లదు. మెటాప్లేసియా మచ్చలు మచ్చలుగా ఉంటుంది. ఒకచోట ఉంటుంది, పక్కన ఉండదు. బయాప్సీ ముక్క చూస్తే కొన్ని మిల్లీమీటర్లే. అందుకే సిడ్నీ పద్ధతి ప్రకారం ఐదు ముక్కలు తీయాలి. కింది భాగంలో రెండు, మధ్య వంపు దగ్గర ఒకటి, పై భాగంలో రెండు. ఒక్క ముక్కే పంపి "స్టేజ్ చెప్పండి" అంటే మేము చెప్పలేం.

రెండో గుర్తు, ఏ రకం మెటాప్లేసియా? కంప్లీట్ అంటే చిన్న పేగులా మారింది. ఇన్‌కంప్లీట్ అంటే పెద్ద పేగు పోలికలున్న, సగం సగం మారిన రకం. పేరు విని పొరపడకండి. "ఇన్‌కంప్లీట్" అంటే ఇంకా పూర్తవ్వలేదు, మంచిదే అనుకుంటారు. ఉల్టా. ఇన్‌కంప్లీట్ రకానికే రిస్క్ ఎక్కువ.

ఇది మామూలు రంగులతోనే చాలావరకు తెలుస్తుంది. డౌట్ ఉంటే మ్యూసిన్ పరీక్షలు చేస్తాం. మ్యూసిన్ అంటే కణాలు తయారుచేసే జిగురు. పొట్ట కణాలు మక్-5ఏసీ, మక్-6 అనే జిగుర్లు చేస్తాయి. పేగు కణాలు మక్-2 చేస్తాయి. కంప్లీట్ రకంలో పొట్ట జిగుర్లు పోయి మక్-2 మిగులుతుంది. ఇన్‌కంప్లీట్‌లో పొట్టవీ, పేగువీ రెండూ కలిసి కనిపిస్తాయి. ఆ కణానికి తను ఎవరో తనకే క్లారిటీ లేదన్నమాట.

మూడోది సీడీఎక్స్-2. ఇది పేగు కణానికి "నువ్వు పేగువి" అని చెప్పే ప్రొటీన్. మామూలు పొట్టలో ఉండదు. ఎలుకల పొట్టలో దీన్ని బలవంతంగా ఆన్ చేస్తే అక్కడ పేగు పొర పుట్టుకొచ్చింది. కాబట్టి వేషం మారిందా అంటే ఇది బాగా చెప్తుంది. కానీ ఆ వేషం క్యాన్సర్ దాకా వెళ్తుందా అంటే, ఒంటరిగా చెప్పలేదు.

నాలుగోది కేఐ-67. జర్మనీలో కీల్ అనే ఊళ్ళో కనిపెట్టారు. కీల్ నుంచి కేఐ, వాళ్ళ ప్లేటులో 67వ గుంట నుంచి 67. విభజన జరుపుకుంటున్న కణాల కేంద్రకాన్ని ఇది గోధుమ రంగులో చూపిస్తుంది. మామూలు పొట్టలో కొత్త కణాలు గ్రంథి మెడ భాగంలోనే పుడతాయి, పైకి వచ్చేసరికి పని నేర్చుకుని విభజన ఆపేస్తాయి. డిస్ప్లేసియాలో ఆ గోధుమ చుక్కలు పైదాకా పాకుతాయి. నర్సరీలో ఉండాల్సిన పిల్లలు ఆఫీసు సీట్లలో కూర్చున్నట్టు. ఒక చిక్కేంటంటే, వాపు ఎక్కువగా ఉన్నా, పుండు మానుతున్నా కూడా కేఐ-67 పెరుగుతుంది. అందుకే నంబర్ ఒక్కటే చూస్తే మోసపోతాం, ఎక్కడ ఉందో చూడాలి.

ఐదోది పి53. డీఎన్ఏ దెబ్బతింటే కణాన్ని ఆపే కాపలాదారు. మామూలు పి53 పుట్టిన కాసేపటికే కరిగిపోతుంది, అందుకే రంగు లేతగా, అక్కడక్కడా పడుతుంది. జన్యువు చెడిపోతే ఆ చెడ్డ ప్రొటీన్ కరగకుండా పేరుకుపోయి కణాలన్నీ ముదురు గోధుమ రంగులోకి వస్తాయి. ఒక్కోసారి రివర్స్‌లో అసలు రంగే పడదు, అది కూడా తేడానే. ఇది డిస్ప్లేసియా ఉందా లేదా అని కొట్టుమిట్టాడే కేసుల్లో మాకు సాయం చేస్తుంది. కానీ మెటాప్లేసియా దశలో పి53 చెడటం అరుదు. అంటే ఈ అలారం కొంచెం లేటుగా మోగుతుంది.

మరి ముందే మోగే అలారం? సింగపూర్ వాళ్ళు మెటాప్లేసియా ఉన్నవాళ్ళని పదేళ్ళ పాటు ఫాలో అయి, ముక్కల్లో డీఎన్ఏ చదివి, 2018లో ఫలితాలు ఇచ్చారు. క్రోమోజోముల్లో మార్పులు, అలాగే టెలోమియర్లు కురచగా అయిపోవడం ఉన్నవాళ్ళలో తర్వాత డిస్ప్లేసియా, క్యాన్సర్ వైపు వెళ్ళడం కనిపించింది. టెలోమియర్ అంటే క్రోమోజోమ్ కొసన ఉండే తొడుగు, షూ లేసు చివర ప్లాస్టిక్ లాంటిది. ఇంకో మంచి కబురు కూడా అక్కడే ఉంది. డీఎన్ఏ మీది రసాయన గుర్తులు మామూలు పొట్టకి దగ్గరగా ఉన్నవాళ్ళలో కొందరికి మెటాప్లేసియా వెనక్కి తగ్గింది. జపాన్‌లో కూడా ఆ రసాయన గుర్తుల్ని, అంటే మిథైలేషన్‌ని కొలిచారు. తొలి దశ క్యాన్సర్ తీసేయించుకున్నవాళ్ళలో, మిథైలేషన్ ఎక్కువ ఉన్నవాళ్ళకి ఇంకోచోట మళ్ళీ క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువని తేలింది.

"మరి ఇంకేం, అందరికీ ఈ టెస్టులు చేసేయొచ్చు కదా?" అంటారా. ఆగండి. ఒక చిన్న లెక్క చేద్దాం, ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి.

ఊరికే ఉదాహరణకి, 80 శాతం కేసుల్ని పట్టే ఒక మార్కర్ ఉందనుకుందాం. ఏమీ లేనివాళ్ళలో 20 శాతం మందికి తప్పుగా "పాజిటివ్" చూపిస్తుందనుకుందాం. మెటాప్లేసియా ఉన్న పది వేల మందికి చేశాం. ఏడాదిలో క్యాన్సర్ వచ్చేది 25 మందికి. అందులో 20 మందిని పట్టింది. సూపర్ కదా? కానీ మిగతా 9,975 మందిలో 20 శాతం, అంటే 1,995 మందికి కూడా పాజిటివ్ అంది. మొత్తం పాజిటివ్ 2,015 మంది, నిజంగా వచ్చేది 20 మందికి. అంటే పాజిటివ్ వచ్చిన వంద మందిలో ఆ ఏడాది ఒక్కరికి. మిగతా 99 మంది నిద్ర పోగొట్టుకుంటారు. అటు నెగెటివ్ వచ్చినవాళ్ళలో కూడా ఐదుగురు మిస్సయ్యారు.

అందుకే ఒక్క మార్కర్ మీద నమ్మకం పెట్టుకుని ఎవరికీ జాతకం చెప్పకూడదు. అలాగని వేస్ట్ కూడా కాదు. ఆ పాజిటివ్ గ్రూపులో రిస్క్ నాలుగు రెట్లు పెరిగింది కదా, ఎవర్ని తొందరగా మళ్ళీ చూడాలో చెప్పడానికి పనికొస్తుంది. ఈరోజు డాక్టర్లు ఎక్కువగా ఆధారపడేది మాత్రం పాత గుర్తుల మీదే. ఎంత మేర పాకింది, ఏ రకం, డిస్ప్లేసియా ఉందా, ఇంట్లో ఎవరికైనా ఉందా, బ్యాక్టీరియా పోయిందా.

ఇంకో కన్‌ఫ్యూజన్ క్లియర్ చేస్తా. హర్-2, పీడీ-ఎల్1 అని పేర్లు వింటుంటారు. అవి క్యాన్సర్ వచ్చాక ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్షలు. బాబాయి లాంటివాళ్ళ రిపోర్ట్‌కి వాటితో పనిలేదు.

ఇక ఆచరణకి వద్దాం. యూరప్ గైడ్‌లైన్స్ ప్రకారం, అట్రోఫీ గానీ మెటాప్లేసియా గానీ పై భాగానికి కూడా పాకి ఉంటే మూడేళ్ళకోసారి మంచి క్వాలిటీ ఎండోస్కోపీ. అలాంటివాళ్ళకి తోబుట్టువుల్లోనో అమ్మానాన్నల్లోనో పొట్ట క్యాన్సర్ ఉంటే ఒకటి రెండేళ్ళకే. డిస్ప్లేసియా అని వస్తే మాత్రం ఆగకూడదు. రెండో పాథాలజిస్ట్‌కి స్లైడ్లు చూపించాలి, కంటికి కనిపించే గడ్డ ఉంటే ఎండోస్కోపీతోనే మొత్తంగా తీసేయొచ్చు. చిన్న ముక్కలో లో గ్రేడ్ అని వచ్చి, మొత్తం తీశాక హై గ్రేడ్ అని తేలడం మేము చూస్తూనే ఉంటాం.

బ్యాక్టీరియా ఉంటే మందు వాడాలి, కోర్సు మధ్యలో ఆపకూడదు. నోరు చేదుగా ఉందని నాలుగు రోజులకి మానేస్తే మందుకి లొంగని బ్యాక్టీరియాని మనమే పెంచినట్టు. కోర్సు అయిపోయిన నాలుగు వారాల తర్వాత శ్వాస పరీక్షో, మలం పరీక్షో చేయించి పోయిందని నిర్ధారించుకోవాలి. ఆ పరీక్షకి ముందు రెండు వారాలు డాక్టర్‌ని అడిగి గ్యాస్ బిళ్ళలు ఆపాలి, లేకపోతే ఉన్నది లేనట్టు చూపిస్తుంది. మందు వాడితే లాభమెంత? కొరియాలో తొలి దశ క్యాన్సర్, హై గ్రేడ్ గడ్డలు తీసేసిన వాళ్ళ మీద చేసిన ట్రయల్‌లో, బ్యాక్టీరియాకి మందు ఇచ్చిన గ్రూపులో మళ్ళీ క్యాన్సర్ 7.2 శాతం, ఇవ్వని గ్రూపులో 13.4 శాతం. దాదాపు సగం.

సిగరెట్, పొగాకు మానేయాలి. ఉప్పు తగ్గించాలి. ఆవకాయ బంద్ చేయమనట్లేదు, పెరుగన్నంలోకి ముక్క చాలు, మూడు పూటలా అదే కూర కాకూడదు.

బరువు తగ్గుతున్నా, విరేచనం నల్లగా తారులా వస్తున్నా, రక్తం వాంతి అయినా, మింగడం కష్టమైనా, కారణం లేకుండా రక్తం తగ్గినా మూడేళ్ళు, రెండేళ్ళు అని లెక్కపెట్టుకోకండి. వెంటనే వెళ్ళండి.

బాబాయి కథ చెప్పి ముగిస్తా. మొదట తీసింది రెండు ముక్కలే, రెండూ కింది భాగం నుంచే. డాక్టర్ గారితో మాట్లాడి, సిడ్నీ పద్ధతిలో ఐదు ముక్కలతో మళ్ళీ చేయించాం. పై భాగం బాగానే ఉంది. కింద ఉన్నది కంప్లీట్ రకం. బ్యాక్టీరియా ఉంది, పద్నాలుగు రోజుల కోర్సు వాడాడు, శ్వాస పరీక్ష నెగెటివ్ వచ్చింది. ఇంట్లో ఎవరికీ పొట్ట క్యాన్సర్ లేదు. రిపోర్టులన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, నాయనమ్మ, తాతయ్య, మేనత్తలు ఎవరు దేనితో పోయారో కూడా మా వాడు ఒక పేజీ రాసి పెట్టాడు. మళ్ళీ ఎప్పుడు చూపించాలో డాక్టర్ గారు చెప్పిన తేదీ వాడి ఫోన్ క్యాలెండర్‌లో ఉంది, నా ఫోన్‌లో కూడా ఉంది.

నా ఫ్రెండ్‌కి నేను చేయనిది అదే. "ఏం కాదు" అన్న మాట చెప్పాను, తేదీ చెప్పలేదు. మీ ఇంట్లో అలాంటి పాత రిపోర్ట్ బీరువాలో ఉంటే ఈరోజే తీయండి. నాలుగు ప్రశ్నలు రాసుకుని డాక్టర్ దగ్గరకి వెళ్ళండి. ఎన్ని ముక్కలు, ఎక్కడ్నుంచి? ఏ రకం, ఏ స్టేజ్? బ్యాక్టీరియా పోయిందా? మళ్ళీ ఎప్పుడు?

సరే అండి, మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.